కాంప్లెక్సు మధ్యలోంచి దారి: విజయనగరం శివారులో ఒక పునర్నిర్మాణం

విజయనగరంలో కలెక్టరేట్ వైపు పెరిగిన కాలనీల మధ్య ఒక రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఉంది. తొంభైల మొదట్లో ఇద్దరు అన్నదమ్ములు కట్టించారు. ఇప్పుడది వాళ్ళ పిల్లలు నలుగురి చేతుల్లో ఉంది. మొత్తం కూల్చేసి మాల్ కట్టాలని మా దగ్గరికి వచ్చారు. చివరికి కొంత మాత్రమే కూల్చి, మధ్యలోంచి ఇరవై అడుగుల దారి వేశాం. ఆ నిర్ణయం దాకా ఎలా వెళ్ళాం, ఏది కుదిరింది, ఏది ఇంకా కుదరలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో కట్టిన ఇలాంటి కాంప్లెక్సులు మన చిన్న ఊళ్ళన్నిటిలో ఉన్నాయి. అన్నీ ఒకేసారి ముసలివవుతున్నాయి, అన్నిటి యజమానులకీ మాల్ అనే ఒకే ఆలోచన వస్తోంది.

స్థలం ఫలానా అని తెలిసేలా రాయనని మాటిచ్చాను కాబట్టి పేర్లు, సర్వే నంబర్లు ఉండవు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొలతలు కూడా గుండ్రంగా వేశాను.

ఊరు ఇటు ఎందుకు వచ్చింది

విజయనగరం బజారంటే మొదటినుంచీ కోట చుట్టుపక్కలే. 1713లో కోట కట్టిన దగ్గర్నుంచి వ్యాపారం దాన్ని పట్టుకునే పెరిగింది. పెళ్ళి బట్టలకైనా బంగారానికైనా ఇప్పటికీ గంటస్తంభం, మూడు లాంతర్ల వైపే జనం వెళతారు. శివారు కాంప్లెక్సు ఆ బజారుతో పోటీ పడటానికి పుట్టింది కాదు, పడలేదు కూడా.

1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు విడదీసి విజయనగరం జిల్లా చేశారు. జిల్లా కేంద్రం అంటే ఆఫీసులు వస్తాయి, ఆఫీసుల వెనక ఉద్యోగులు, వాళ్ళ వెనక ఇళ్ళస్థలాల సొసైటీలు వస్తాయి. ఎనభైలలో ఊరు బయట లేఅవుట్లు పడ్డాయి. ఒకటో తారీఖున జీతం అందుకుని నెల సరుకు రాయించే కుటుంబాలు అక్కడ చేరాయి. పావుకిలో పంచదారకి, జ్వరం బిళ్ళకి, జాకెట్ కుట్టుకి కోట దాకా సైకిలు తొక్కడం ఎవరికి ఓపిక? ఆ ఖాళీని కనిపెట్టిన అన్నదమ్ములు, రోడ్డు పక్కనున్న తమ ముప్పై సెంట్ల మామిడితోటని కాంప్లెక్సు చేశారు.

వాళ్ళింట్లో ఎర్ర అట్ట అద్దెల పుస్తకాలు మొదటి నెల నుంచీ భద్రంగా ఉన్నాయి. ఇలాంటి పనికి వెళ్ళినప్పుడు నేను డ్రాయింగుల కంటే ముందు అద్దెల పుస్తకం అడుగుతాను. గోడ ఎప్పుడు కట్టారో డ్రాయింగు చెబుతుంది. ఆ గోడ వల్ల ఏ కొట్టు మూతపడిందో పుస్తకంలోనే దొరుకుతుంది.

మొదటి పుస్తకంలో కిరాణా, మందుల షాపు, ఇద్దరు టైలర్లు, సైకిల్ షాపు, టీవీ రిపేరు, వీడియో క్యాసెట్ల లైబ్రరీ, ఎస్టీడీ బూత్ ఉన్నాయి. పైన టైపు ఇన్‌స్టిట్యూటు, చిట్టీల ఆఫీసు. కొన్నేళ్ళకి టైపు పోయి కంప్యూటర్ కోర్సులు వచ్చాయి, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, ఎస్టీడీ బూత్ అదే అద్దాల గదిలో సెల్ రీచార్జి షాపయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, ఆ వెంటనే ఫోన్లోంచే డబ్బు కట్టడం అలవాటయ్యాక, రీచార్జి మీద బతికిన కొట్టు స్క్రీన్‌గార్డులు, డిస్‌ప్లేలు మార్చే కొట్టుగా మారింది. మనిషి మాత్రం మొదటినుంచీ ఒకడే. జిల్లాలో జూట్ మిల్లులు మూతబడ్డప్పుడల్లా కిరాణా కొట్టు అద్దె ఆలస్యమయ్యేది. మిల్లు కార్మికుల కుటుంబాలు అక్కడే ఖాతా పెట్టేవి. డీఎస్సీ నోటిఫికేషన్ పడిన ఏడాది పై అంతస్తు కోచింగులతో నిండేది, పరీక్ష అయ్యాక ఖాళీ.

నన్ను ఆపింది మాత్రం వేరే విషయం. సుమారు 2005 నుంచి లోపలి వరుస షాపుల పేర్ల పక్కన వ్యాపారం పేరు మారడం మొదలైంది. 'ఫ్యాన్సీ' కొట్టేసి 'గోడౌన్', 'టైలరు' కొట్టేసి 'సామాను గది'. రోడ్డు మీది షాపుల అద్దెలు పెరుగుతూ ఉంటే, పాతిక అడుగులు లోపలున్న షాపుల అద్దెలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఏమైందని, కట్టించిన అన్నదమ్ముల్లో పెద్దాయన్ని అడిగితే, వెనకవైపు పొలాలు లేఅవుటయ్యాక దొంగల భయంతో వెనక గేటు తీసేసి గోడ కట్టేశామని చెప్పారు. అంటే వెనక వందల ఇళ్ళ కాలనీ వచ్చిన ఏడాదే, ఆ కాలనీకి కాంప్లెక్సు వీపు తిప్పేసింది. కాలనీవాళ్ళు పక్క సందులోంచి చుట్టు తిరిగి రోడ్డెక్కేవారు. రోడ్డెక్కాక మొదట కనబడిన కొట్టులో కొనుక్కుని వెళ్ళిపోయేవారు.

వాళ్ళు అడిగింది

విశాఖ ఇక్కడికి అరవై కిలోమీటర్లు. అక్కడి సీఎంఆర్ సెంట్రల్ మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కివచ్చిన కుర్రాళ్ళకి సొంత ఊళ్ళో అలాంటిది కట్టాలని ఉండటం తప్పు కాదు. సెల్లార్ పార్కింగు, పైన జీ ప్లస్ ఫోర్ (నేల అంతస్తు, దాని మీద నాలుగు), ఏసీ, ఫుడ్ కోర్టు అని కాగితం మీద రాసుకొచ్చారు. అందమైన అద్దాల బొమ్మ ఒకటి ఎవరో గీసి ఇచ్చారు కూడా.

మాల్ అనే ఈ మూసిన పెట్టె ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. అమెరికాలో మినియాపొలిస్ శివారు ఈడైనాలో 1956 అక్టోబరులో తెరిచిన సౌత్‌డేల్, పూర్తిగా పైకప్పు కింద, ఒకే ఉష్ణోగ్రతలో ఉండేలా కట్టిన మొదటి మాల్. గీసినవాడు విక్టర్ గ్రూయెన్. నెలల తరబడి మంచు పడే ఊరు, ప్రతి ఇంటికీ కారు, చుట్టూ కావలసినంత పార్కింగు మైదానం. ఆ మూడూ ఉన్నచోట ఆ పెట్టె పనిచేసింది. మన స్థలం రోడ్డు మీదకి 80 అడుగులు, లోతు 160 అడుగులు. అంటే సుమారు 1,420 గజాలు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలినడకన, స్కూటర్ మీద, లేకపోతే షేర్ ఆటోలో.

సెల్లార్ సంగతి మొదట తేల్చాం. ర్యాంపు వాలు ఎనిమిది అడుగులకి ఒక అడుగు దిగాలి. సెల్లార్ పదకొండు అడుగుల లోతుంటే ర్యాంపు ఒక్కటే 88 అడుగులు. మన స్థలం వెడల్పే 80. దాన్ని పొడుగునా వేస్తే నేల అంతస్తులో ఒక పక్క షాపులన్నీ పోతాయి. ఎత్తు సంగతి రెండోది. వాణిజ్య భవనం 15 మీటర్లకి చేరితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), నీళ్ళ ట్యాంకులు, పంపులు, రెండో మెట్లు, చుట్టూ ఫైరింజను తిరిగే చోటు అన్నీ లెక్కలోకి వస్తాయి. పూర్తిగా కూల్చి కొత్తది కడితే 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ వదలాలి, ముందు రోడ్డు వెడల్పుకి పోయేది వదలాలి. దానికి టీడీఆర్ బాండ్లు (వదిలిన చోటుకి బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కు కాగితాలు) రావచ్చు గానీ, బాండు కాగితం రోడ్డు మీది షట్టర్ అద్దె తెచ్చిపెట్టదు. అప్పటి నిబంధన ప్రకారం కట్టే విస్తీర్ణంలో పది శాతం మునిసిపాలిటీకి తనఖా పెట్టి, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక విడిపించుకోవాల్సి ఉండేది. అప్పు ఇచ్చే బ్యాంకు మొదట అడిగేది ఆ పది శాతం ఏ షాపులని.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు ప్రశ్న ఏమిటంటే, ఉన్న ఒక్క పై అంతస్తులోనే సగం గదులు ఏళ్ళుగా తాళాలతో ఉంటే, ఇంకో మూడు పై అంతస్తులు ఎవరికోసం? పైన ట్యూషన్ చెప్పుకునే మాస్టారు ఒక్కమాటలో తేల్చేశారు: "మెట్లెక్కి ఎవులొత్తారు బాబూ? పాఠం ఉంటే వొత్తారు, పంచదారకి ఎవులొత్తారు?" మార్కెట్ సర్వే రిపోర్టులో దీనికి పది పేజీలు పడుతుంది.

నడక తగిలే అంచు

మా పాత్రికేయ మిత్రుడొకడు ఏ కాంప్లెక్సు చూసినా ఎన్ని చదరపు అడుగులని అడుగుతాడు. యజమానులూ, బ్రోకర్లూ అంతే. శివారు కాంప్లెక్సుకి నేను వేసే కొలత వేరు. నడిచే మనిషి కంటికి ఎన్ని అడుగుల షట్టరు తగులుతుంది? పొడవు అడుగులు, చదరపు అడుగులు కాదు. దారిన పోతూ అరటిపళ్ళు చూసి కొంటాం, బొత్తాలు గుర్తొచ్చి కొంటాం. కనబడని సరుకు గుర్తురాదు.

పాత ప్లాను ఇలా ఉండేది. రోడ్డు మీద పన్నెండేసి అడుగుల షాపులు ఆరు, అంటే 72 అడుగులు. మిగిలిన 8 అడుగులు లోపలికి వెళ్ళే సందు. సందు దాటితే ఇరవై అడుగుల వెడల్పున పొడుగాటి వాకిలి, దానికి రెండు వైపులా షాపుల వరుసలు, చివర 40 అడుగుల లోతు వెనక బ్లాకు అడ్డంగా. దాని వెనక గోడ. బయటి మనిషికి ఆ సందు చూస్తే లోపల ఎవరిదో ఇల్లున్నట్టు ఉంటుంది తప్ప బజారున్నట్టు ఉండదు. కాబట్టి లోపల ఎన్ని షట్టర్లున్నా నడక తగిలే అంచు 72 అడుగులే.

మా ప్రతిపాదన రెండు కోతలు. వెనక బ్లాకు మధ్యలో ఇరవై అడుగులు కోసి వాకిలిని వెనక కాలనీ వీధిలోకి కలపడం. ముందు, సందు పక్కనున్న ఒక షాపు తీసేసి 8 అడుగుల సందు నోటిని 20 అడుగులు చేయడం. అప్పుడు లోపలి వాకిలి రోడ్డు నుంచి కాలనీకి అడ్డదారి అవుతుంది. 160 అడుగులు, రెండు పక్కలా 320. మెట్లకి, మరుగుదొడ్లకి, మీటర్ల గదికి, వెనక వదిలే ఖాళీకి తీసేస్తే 250 మిగులుతుంది. రోడ్డు మీద మిగిలిన 60 కలిపితే 310 అడుగులు. పోగొట్టుకునేది వెనక రెండంతస్తుల్లో కలిపి 1,600 చదరపు అడుగులు, ముందు ఒక షాపు.

ఆ ముందు షాపు దగ్గరే రెండు నెలలు ఆగిపోయాం. కాంప్లెక్సు మొత్తంలో ఎక్కువ అద్దె వచ్చేది దానికే. "ఉన్న బంగారం కొట్టు కొట్టేసి ఊరికి దారిత్తారేటి?" అని పెద్దాయన కోపం. ఆయన కోపంలో న్యాయం ఉంది. అద్దె వచ్చే చోటు చూపించి, రాబోయే నడక చూపిస్తానంటే ఎవరు నమ్ముతారు? బొమ్మలు, త్రీడీ వీడియోలు చూపిస్తే లాభం లేదని తెలుసు. వెనక గోడలో పాత గేటున్న చోట నాలుగడుగులు పగలగొట్టి, దీపావళికి ముందు కొన్ని వారాలు తెరిచి ఉంచుదామన్నాం. బ్లాకు పక్కన మనిషి పట్టేంత ఇరుకు దారిలోంచే జనం వచ్చారు. సాయంత్రం ట్యూషన్ పిల్లలు, పాల ప్యాకెట్ల కోసం ఆడవాళ్ళు, బస్సు దిగి ఇంటికెళ్ళే ఉద్యోగులు. గోడౌను చేసుకున్న స్టేషనరీ ఆయన రెండో వారంలో షట్టర్ ఎత్తి ముందు బల్ల వేసుకున్నాడు. పెద్దాయన దాన్ని చూసి ఒప్పుకున్నారు. ప్రాజెక్టు రిపోర్టు ఆయన చదివినట్టు నాకు నమ్మకం లేదు.

ఆ షాపు తీయడంలో ఒక చిక్కుంది. సందుకీ షాపుకీ మధ్య స్తంభం ఉంది, పై అంతస్తు బరువు దాని మీదే. దాన్ని తీయకుండా ఇరవై అడుగుల నోటి మధ్యలో అలాగే నిలిపి జాకెటింగ్ చేశాం, అంటే చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగి బలపరిచాం. చూడ్డానికి అడ్డంగా ఉందన్నారు. ఇప్పుడు ఆటోలు, కార్లు లోపలికి తిరగడానికి వెనకాడుతున్నది ఆ స్తంభం వల్లే.

కాంక్రీటు ఏమంది

ఏది కూల్చాలి, ఏది నిలపాలి అన్నది ఇష్టాయిష్టాల మీద తేల్చే విషయం కాదు. పాత డ్రాయింగుల్లో ఎం15 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగితే బలం ఎక్కువ). ఆ రోజుల్లో అమల్లో ఉన్న కాంక్రీటు కోడ్ ఐఎస్ 456, 1978 ముద్రణకి అది మామూలే. 2000 సంవత్సరపు సవరణ ఆర్‌సీసీకి కనీసం ఎం20 ఉండాలంది. ఈ తేడా చూపించి పాత భవనాలన్నిటినీ 'పనికిరాదు' అని రాసిచ్చే కన్సల్టెంట్లున్నారు. సుత్తి పరీక్ష ఒక్కటి చేసి, ఆ అంకె పట్టుకుని కూల్చమనే రిపోర్టులు నేను చాలా చూశాను. ఆ సుత్తి, అంటే రీబౌండ్ హామర్, పైపొర గట్టిదనమే చెబుతుంది. ఎక్కడ అనుమానించాలో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. తేల్చడానికి కోర్ (లోపలి నుంచి గుండ్రంగా కోసిన కాంక్రీటు ముక్క) తీయాల్సిందే. తీసిన కోర్ల సగటు కావలసిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కిందికి పోకూడదు. ఐఎస్ 456 పెట్టిన గీత అది.

ముందు బ్లాకు, పక్క వరుసలు ఆ గీత దాటాయి. వెనక బ్లాకు దాటలేదు. కారణం వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. మరుగుదొడ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు రెండూ దాని మీదే. ముప్పై ఏళ్ళుగా కారుతూనే ఉన్నాయి. కోసిన కాంక్రీటు ముక్క మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే క్షారగుణం మిగిలినచోట ముదురు గులాబీ రంగు వస్తుంది. రంగు రాని మందం దాకా గాలిలోని కార్బన్ డయాక్సైడు దిగి, ఇనుముకి ఉన్న రక్షణ పోయినట్టు. ఇక్కడ స్లాబు కవరు, అంటే రాడ్డుని కప్పే కాంక్రీటు మందం, 15 మిల్లీమీటర్లే. రంగు రాని పొర రాడ్డు దాటి పోయింది. తుప్పు, అసలు ఇనుము ఆక్రమించే చోటుకి రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. అందుకే స్లాబు అడుగు పెచ్చులూడి రాడ్లు బయటపడ్డాయి. అక్కడి షాపువాళ్ళు థర్మాకోల్ సీలింగు వేసి దాన్ని కప్పేశారు. తీసి చూసేదాకా ఎవరికీ తెలియదు.

దారి కోసం కోయాల్సిన బ్లాకే పోవాల్సిన బ్లాకు కావడం మా అదృష్టం. అలా కాకపోయి ఉంటే ఖర్చు లెక్క వేరేగా ఉండేది. వెనక బ్లాకు మొత్తం తీసేసి, దారికి రెండు పక్కలా చిన్న బ్లాకులు ఎం25తో కొత్తగా కట్టాం. మిగతా చోట పెచ్చులు తీసి, రాడ్లు శుభ్రం చేసి, స్తంభాలకి మైక్రో కాంక్రీటుతో జాకెటింగ్.

మేము లెక్క వేసినప్పటి భూకంపాల పటంలో మనది రెండో జోను, అదంత భయపెట్టేది కాదు. ఇక్కడ భయపడాల్సింది గాలికి. ఈ తీరానికి కోడ్ చెప్పే మౌలిక గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను అది ఎలా ఉంటుందో చూపించింది. మేడ మీద రేకుల షెడ్డు లేచిపోయి ట్యాంకు పైపులు విరిచేసింది. వెనక బ్లాకు కారడం ఆ రోజు తర్వాత బాగా ఎక్కువైందని అందరూ చెప్పారు. అందుకే ఈసారి మేడ మీద రేకులు వద్దన్నాం, పెద్ద ఫ్లెక్సీ ఫ్రేములు వద్దన్నాం. బోర్డులన్నీ షట్టరు పైన ఒకే వరుసలో, గోడకి ఆనించి. ఒకరిద్దరు సణిగారు.

నీళ్ళ సంగతి చెప్పాలి. కట్టినప్పుడు రోడ్డు నుంచి షాపుకి మూడు మెట్లుండేవి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి రెండు మెట్లు భూమిలోకి పోయాయి. గట్టి వాన పడితే నీళ్ళు సందులోంచి వాకిట్లోకి వచ్చి, బయటికి దారి లేక నిలబడేవి. లెవెల్ తీసి చూస్తే వెనక కాలనీ వీధి రోడ్డుకంటే అడుగున్నర పల్లం. 160 అడుగుల పొడవున ఆ వాలు చాలు. దారి కింద మూత కాలువ వేసి వెనక డ్రెయిన్లో కలిపాం. గోడ పోవడం నీళ్ళకీ కలిసొచ్చింది.

పని జరుగుతుండగా

అద్దెదార్లని ఖాళీ చేయించడానికి చట్టంలో దారులున్నాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో పన్నెండో సెక్షను పునర్నిర్మాణం గురించే ఉండేది. కానీ కోర్టుకెక్కిన ఇలాంటి కేసులో భవనం ముందు కూలిపోతుంది, తీర్పు తర్వాత వస్తుంది. ఎవరినీ పూర్తిగా పంపకుండా విడతలుగా కట్టాలని మొదటే నిర్ణయించుకున్నాం. ముందు పార్కింగులో రేకుల కొట్లు వేసి, వెనకవాళ్ళు అందులోకి, వెనక పూర్తయ్యాక పక్క వరుసలవాళ్ళు వెనక్కి. తిరిగొచ్చే హక్కు, అప్పటి అద్దె, అడ్వాన్సు ఎంత అన్నది ముందే రాసి, ఏడాది దాటిన లీజులన్నీ రిజిస్టరు చేయించాం. పదకొండు నెలల కాగితాల మీద ముప్పై ఏళ్ళు నడిచిన చోట ఇది ఒప్పించడానికి చాలా టీలు తాగాల్సి వచ్చింది.

ఏ పని ఎప్పుడో చూపే బార్ చార్టు గీసిన కుర్ర ఇంజనీరు పంచాంగం చూడలేదు. ఆషాఢంలో ఎవరూ కొట్టు మార్చరు, పుష్యంలో మార్చరు, మూఢంలో అసలు మాటే ఎత్తరు. దసరా నుంచి పైడితల్లి సిరిమాను పండుగ మంగళవారం దాకా దుమ్ము లేపితే వ్యాపారులు ఊరుకోరు. ముందురోజు తొలేళ్ళకే పల్లెల నుంచి జనం దిగుతారు. ఇవన్నీ పెట్టి మళ్ళీ గీస్తే, సామాను మార్చడానికి ఏడాదిలో పనికొచ్చే వ్యవధులు మూడో నాలుగో మిగిలాయి. స్లాబులు వాటి చుట్టూ సర్దుకున్నాం.

అన్నిటికంటే తిప్పలు పెట్టింది మందుల షాపు. మందుల లైసెన్సు ఆ చిరునామాకే ఇస్తారు. చోటు మారితే కొత్త లైసెన్సు కావాలి, రిటైల్ షాపుకి కనీసం పది చదరపు మీటర్లు ఉండాలి. మేము వేసిన తాత్కాలిక కొట్టు ఎనిమిది అడుగులు పది అడుగులు, అంటే ఏడున్నర చదరపు మీటర్లు కూడా లేదు. పైగా కొన్ని నెలల కోసం లైసెన్సు మార్చి మళ్ళీ మార్చడం ఎవరూ చేయరు. అందుకని ఆయన షాపుని కదపకుండానే పక్కనా పైనా పని చేశాం. చుట్టూ ప్లైవుడ్ గోడ, పైన జాక్ ప్రాపులు (స్లాబుకి ఆనించే ఇనుప ఊతాలు), స్తంభం జాకెటింగ్ రాత్రి పదిన్నర తర్వాత. ఇలాంటి పని తీసుకునేవాళ్ళకి నా సలహా: ఏ గోడ బరువు మోస్తుందో చూసే రోజే, ఏ షాపు లైసెన్సు గోడకి కట్టేసి ఉందో కూడా రాసుకోండి.

మెట్ల కింద చెక్క బోర్డు మీద ఒకదానిమీద ఒకటి పేరుకున్న కరెంటు మీటర్లని విడి గదిలోకి మార్చాం. దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు, ఎప్పుడో చేయాల్సిన పని.

బళ్ళు

కాంప్లెక్సు ముందు పూలమ్మే ఆవిడ, రెండు పళ్ళ బళ్ళు, సాయంత్రం పునుగుల బండి, ముంత మిక్చర్ బండి ఉండేవి. కొత్త ముఖం కట్టాక అవి వద్దని యజమానుల్లో ఇద్దరు పట్టుబట్టారు. వీధి వర్తకుల చట్టం 2014 ప్రకారం ముప్పై రోజుల నోటీసు లేకుండా ఎవరినీ కదపడానికి లేదు, అదీ స్థానిక సంస్థ చేయాల్సిన పని అన్నది ఒక సమాధానం. వ్యాపారపు సమాధానం ఇంకోటి. సాయంత్రం ఆరు గంటలకి ఆ రోడ్డు మీద స్కూటర్ ఆపే మనిషి దేనికోసం ఆపుతున్నాడో నిలబడి చూడమన్నాను. పునుగుల కోసం ఆగినవాడు పక్కన చార్జరు కొంటున్నాడు. చార్జరు కోసం ప్రత్యేకంగా ఆగిన వాళ్ళు తక్కువ.

దారి నోట్లో ఉన్న స్తంభం పక్కన, తీసేసిన షాపు చోటులో కొంత బళ్ళకి గీత గీసి ఇచ్చాం. ఒక కుళాయి, చెత్త డబ్బా, ఎల్‌ఈడీ బల్బు, కరెంటుకి నెలకింత. కిరాయి తీసుకోవడం లేదు. పూలావిడ మాత్రం గీతలోకి రానంది. రోడ్డు మీద బస్సు ఆగేచోటికి ఎదురుగా ఉంటేనే ఆమె బేరం, ఆ లెక్క ఆమెకి మాకంటే బాగా తెలుసు.

తర్వాత

దారికి ఉత్తరం పక్క వరుస దక్షిణం చూస్తుంది. ముందే అనుకున్నట్టు ఆ షట్టర్లకి బేరాలు ఆలస్యమయ్యాయి. వాస్తు ఎవరైనా నమ్మకపోవచ్చు, నమ్మే అద్దెదారుడి చెక్కు మాత్రం లెక్కలో ఉంటుంది. ఆ వరుసకి అద్దె తగ్గించకుండా మొదటి మూడు నెలలు సడలించి, మూల షాపులు ముందు ఇచ్చాం. ఒక బేకరీ, ఒక సెలూన్, సెల్ రిపేరు పాత మనిషి తీసుకున్నారు. బేకరీ వచ్చాక మిగతావి కదిలాయి. మన అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి మే మధ్యలోనూ జూలై చివరా సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఇరవై అడుగుల దారికి అప్పుడు నీడ ఉండదు. రెండు వైపులా నాలుగడుగుల సన్‌షేడ్ పొడుగునా లాగింది అందుకే. ఏసీ లేని కాంప్లెక్సుకి అంతకంటే చవకైన సౌకర్యం దొరకదు.

పై అంతస్తుకి మెట్లు వెనక మూల నుంచి తీసి దారి మధ్యకి తెచ్చాం. నడిచేవాళ్ళకి కనబడేలా, వెడల్పుగా, తక్కువ ఎత్తు మెట్లతో. వెతుక్కుంటూ వచ్చే పనులే పైన పెట్టమన్నాం: ట్యూషన్లు, ఆడిటరు, టైలరింగ్ క్లాసులు, పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టరు లిఫ్టు కావాలన్నాడు, పెట్టారు. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకీ చక్రాల కుర్చీకీ అది ఎలాగూ ఉండాల్సిందే. పైన రెండు గదులు ఇప్పటికీ ఖాళీ. డీఎస్సీ నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు.

మరుగుదొడ్లు మెట్ల పక్కనే, దీపం కింద, తాళం లేకుండా పెట్టాం. పాతవాటి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండేది. షాపుల్లో రోజంతా పనిచేసే అమ్మాయిలు నీళ్ళు తాగడం మానేసేవారని టైలరు భార్య చెప్పింది. ఈ ఒక్క మార్పుకి వచ్చినన్ని మంచి మాటలు మొత్తం భవనానికి రాలేదు.

లోపలి షాపుల అద్దెలు రోడ్డు మీది అద్దెలకి దగ్గరగా వచ్చాయి. గోడౌన్లు ఒకటి తప్ప అన్నీ మళ్ళీ కొట్లయ్యాయి. ఇద్దరు టైలర్లలో పెద్దాయన తిరిగి రాలేదు, ఇంట్లోనే మిషను పెట్టుకున్నారు. పార్కింగు తీరలేదు. స్కూటర్లకి వెనకవైపు చోటు దొరికింది గానీ కారు వచ్చేవాడు ఇంకా రోడ్డు మీదే ఆపుతున్నాడు. దారిలోంచి బైకులు దూసుకుపోతున్నాయని వెనకవైపు కూడా రెండు ఇనుప స్తంభాలు పాతారు.

దారి రాత్రి మూయాలా వద్దా అన్నది వేడి వేడిగా నడిచిన చర్చ. కాలనీవాళ్ళు రాత్రంతా తెరవమన్నారు. యజమానుల భయం వేరే: భారత ఈజ్‌మెంట్స్ చట్టం 1882 ప్రకారం ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా హక్కుగా నడిస్తే దారి హక్కు వచ్చేస్తుంది. హక్కుగా నడవడం వేరు, అనుమతితో నడవడం వేరు. అందుకని రెండు చివర్లా 'ఇది ప్రైవేటు దారి, యజమానుల అనుమతితో వాడుకోవచ్చు' అని రాతిపలక మీద చెక్కించి, రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా గేట్లు వేస్తున్నారు. నాలుగున్నర పాలవాళ్ళ కోసం.

ఇప్పుడు కొత్త చిక్కు పక్కవాళ్ళతో. దక్షిణం పక్క స్థలం ఆయన తన ప్రహరీ కొట్టి, ఈ దారిలోకి నాలుగు షట్టర్లు తెరుస్తానంటున్నాడు. ఆయన చోటుకీ మన దక్షిణ వరుసకీ మధ్య నాలుగడుగుల ఖాళీయే ఉంది కాబట్టి ముందు అక్కడ ఒక షాపు మందం తొలచాలి. నడక పెరుగుతుంది, మన అద్దెదార్లకి పోటీ కూడా పెరుగుతుంది. దారి ఖర్చులో వాటా, దీపాల బిల్లు, రిజిస్టరు చేసిన లైసెన్సు ఒప్పందం, ఏ వ్యాపారాలు పెట్టకూడదు అన్న జాబితా. ఇవి ఒప్పుకుంటే ఒక షాపు వదులుకోవచ్చని మేము రాసిచ్చాం. నలుగురు యజమానుల్లో ఇద్దరు సరేనన్నారు. పెద్దాయన ఈసారి కూడా కొన్ని వారాలు తెరిచి చూద్దాం అంటున్నారు.